కొండలకు థర్మాకోలా, ప్లాస్టర్ ఆఫ్ పారిసా?

ఇంట్లో మోడల్ రైల్వే (బోర్డు మీద కట్టే బుల్లి రైలు నమూనా) మీద అరకు లైను కట్టాలనుకునే విశాఖవాళ్లకు అసలు టెన్షన్ కొండల దగ్గరే.

ఖర్చు: థర్మాకోల్ టీవీ, ఫ్రిజ్ డబ్బాల్లో ఊరికే దొరుకుతుంది. ప్లాస్టరూ చవకే, కింద గూడుకి అట్టముక్కలు, పాత పేపర్లు చాలు.

బరువు: ఇక్కడ పోటీయే లేదు, థర్మాకోలే తేలిక.

శ్రమ: థర్మాకోల్‌ని పొరలుగా ఫెవికాల్‌తో అంటించి చెక్కాలి. తెల్లటి గుళ్లు ఇల్లంతా ఎగురుతాయి. ప్లాస్టర్ నిమిషాల్లోనే బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలపాలి. మిగిలింది సింకులో పోయకండి, పైపు మూసుకుపోతుంది.

రిస్క్: స్ప్రే పెయింట్, థిన్నర్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది, నీటి రంగులే వాడాలి. బోర్డు కదిలితే ప్లాస్టర్ పగులుతుంది. మన సముద్రపు గాలి తేమకి ఆరడం ఆలస్యం, పొడి సంచి తెరిచి ఉంచితే గడ్డకడుతుంది.

అందం: బొర్రా వైపు సొరంగాల దగ్గర కనిపించే బండరాతి గరుకుతనం ప్లాస్టర్‌లోనే వస్తుంది. థర్మాకోల్‌ని ఎంత చెక్కినా ఆ పదును రాదు. ఎర్రమట్టి రంగు కావాలంటే పెయింటుతో తెచ్చుకోండి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి పిడికెడు కూడా తేవద్దు, అది కాపాడుకోవాల్సిన చోటు.

ఏది వాడినా సొరంగం పైకప్పు ఊడొచ్చేలా పెట్టండి, లోపల రైలు పెట్టె పట్టాలు తప్పితే చెయ్యి అందాలి.

అద్దె ఫ్లాట్, మంచం కింద దాచే బోర్డు అయితే థర్మాకోల్. సొంతింట్లో కదలని నమూనా అయితే ప్లాస్టర్, అదీ వేసవిలో. నేనైతే థర్మాకోల్ కొండ కట్టి, సొరంగం ముఖానికి మాత్రం పల్చగా ప్లాస్టర్ పూస్తాను.