చిన్న చార్జింగ్ చాపర్: పెద్దవాళ్లతో కలిసి పండగ స్వీట్లు చేయడానికి పనికొస్తుందా?

పండక్కి అమ్మతో కలిసి చక్కెర వేయని స్వీట్లు చేద్దామని ఈ చార్జింగ్ చాపర్ తీసుకున్నా. చిన్న గాజు గిన్నె, మధ్యలో బ్లేడు, పైన మోటారు, అంతే. అమ్మకి వేళ్ల కీళ్లు వాచిపోయి కత్తి పట్టడం ఎప్పుడో మానేసింది, వంటింట్లోకి వచ్చినా కూర్చుని చూడటమే. ఇందులో వేలితో నొక్కే బటన్ లేదు, మోటారు మీద అరచేయి పెట్టి కిందకి అదిమితే తిరుగుతుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఇప్పుడు నొక్కేది ఆవిడ, గిన్నెలో పోసేది నేను. "ఆగవే, ఇంకా నలగలేదు" అని ఆర్డర్లు కూడా మొదలయ్యాయి.

ఖర్జూరం గట్టిగా ఉంటే నేరుగా వేసేయకండి, బ్లేడుకి చుట్టుకుని మోటారు మూలుగుతుంది. గింజ తీసి గోరువెచ్చని నీళ్లలో ఓ 10 నిమిషాలు నానబెట్టి గట్టిగా పిండి వేస్తే మెత్తగా అయిపోతుంది. బాదం, వాల్‌నట్స్ మాత్రం ముందే విడిగా ఆడించి తీసేయాలి, అదీ నొక్కి వదిలి నొక్కి వదిలి, ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దైపోతాయి. కట్టుడు పళ్లు ఉన్నవాళ్లకైతే పలుకు అసలు తగలకూడదు, పళ్ల సెట్టు కింద ఇరుక్కుంటే ప్రాణం పోతుంది, ఈ విషయంలో చాపర్ సూపర్, పొడి బాగా సన్నగా వస్తుంది. ఖర్జూరం ముద్దలో ఈ పొడి, వేయించిన ఓట్స్, దాల్చినచెక్క పొడి, కొంచెం ఆరెంజ్ తొక్క తురుము కలిపి ఉండలు చుట్టడమే. వయసు పెరిగేకొద్దీ వాసన, రుచి సరిగ్గా తెలియవు కదా, అందుకే ఇంకా తీపి కావాలంటారు, అలాంటప్పుడు తీపి పెంచకుండా ఘుమఘుమ పెంచితే చాలు.

డబ్బాతో వచ్చిన రెసిపీ బుక్‌లెట్ చూస్తే మాత్రం ఒళ్లు మండింది. ఖర్జూరం ఉండలకి "షుగర్ ఫ్రీ" అని పేరు పెట్టారు! 100 గ్రాముల ఖర్జూరంలో 60 గ్రాములకి పైనే చక్కెర ఉంటుంది, అది ఫ్రీ ఎలా అవుతుందో వాళ్లకే తెలియాలి. షుగర్ ఉన్నవాళ్లకి గోలీ సైజు చేసి ఒకటి ఇవ్వండి, కిడ్నీ సమస్య ఉంటే పొటాషియం ఎక్కువ కాబట్టి డాక్టర్‌ని అడిగాకే.

సౌండ్ ఎక్కువే, చెవి మెషిన్ పెట్టుకునేవాళ్లు కాసేపు తీసేస్తే నయం. బ్లేడు చాలా పదును, కడగడం మీరే చూసుకోండి, మోటారు మీద నీళ్లు పడనివ్వకండి. గిన్నె చిన్నది, ఇంటిల్లిపాదికీ ఒకేసారి చేయాలంటే మామూలు మిక్సీయే బెటర్.

అసలు తలనొప్పి మూతతో. మెలితిప్పి బిగించాలి, నున్నటి ప్లాస్టిక్, చెయ్యి తడిగా ఉంటే నాకే జారుతోంది, అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. వెడల్పాటి రబ్బరు బ్యాండ్ చుట్టాక కాస్త పట్టు దొరికింది గానీ ఆ పని కంపెనీవాళ్లు చేయాల్సింది కదా, ఒక స్టార్ దానికే కట్.