పార్క్ టూల్ టీఎం-1 స్పోక్ టెన్షన్ మీటర్: చక్రం బెండు తీయించినా పుల్లలు (స్పోకులు) తెగుతున్నవాళ్లు చదవండి

బెంగళూరులో మారతహళ్ళి వైపు అవుటర్ రింగ్ రోడ్డు గుంతల మీద రోజూ సైకిల్ తొక్కేవాళ్లకి వెనక చక్రం గొడవ కొత్తేమీ కాదు. నా చక్రంలో గేర్లు లేని వైపు స్పోకులు తెగేవి, అదీ ఎప్పుడూ హబ్ (చక్రం నడిమి ఇరుసు భాగం) దగ్గర వంపులోనే. షాపులో తెగిన పుల్ల మార్చి, రిమ్ము బ్రేక్ ప్యాడ్‌కి ఎక్కడ రాసుకుంటోందో చూసి బెండు తీసి పంపేవాళ్లు. చక్రం చక్కగా తిరిగేది, కొన్నాళ్లకి ఇంకో పుల్ల పోయేది.

అసలు సంగతేంటంటే, ఒక పుల్ల బిర్రుగా, పక్కది వదులుగా ఉన్నా రిమ్ము తిన్నగానే కనిపిస్తుంది. ఆ వదులు పుల్ల కిందికి వచ్చిన ప్రతిసారీ బరువుకి ఇంకా వదులై, పైకెళ్లగానే మళ్లీ బిగిసి, అలా లక్షలసార్లు జరిగాక వంపు దగ్గర పుటుక్కుమంటుంది. ఇది కంటికి కనపడదు, ఈ మీటర్‌కి కనపడుతుంది.

స్పోకుని స్ప్రింగు బలంతో కాస్త వంచి ఎంత వంగిందో స్కేలు మీద చూపిస్తుంది, దాన్ని మీటర్‌తో వచ్చే పట్టికలో చూసుకుంటే టెన్షన్, అంటే పుల్ల బిగువు, కేజీల్లో తెలుస్తుంది. మందం కొలిచే గేజ్ కూడా ఇస్తారు, ముందు అది వాడండి, ఎందుకంటే 2.0 మి.మీ. పుల్లకీ 1.8 మి.మీ. పుల్లకీ ఒకే అంకె వచ్చినా టెన్షన్ ఒకటి కాదు. వెనక చక్రంలో గేర్ల వైపు ఎప్పుడూ ఎక్కువ బిగువే ఉంటుంది, రిమ్ము మధ్యలో నిలవాలంటే తప్పదు, కాబట్టి ఏ వైపుది ఆ వైపుతోనే పోల్చాలి. ఆ వైపు సగటుకి 20 శాతం అటూఇటూలో ఉంటే చాలు. అదే వైపు బిర్రుగా ఉన్నదాన్ని పావు చుట్టు వదిలి, దాని పక్క వదులుదాన్ని పావు చుట్టు బిగిస్తే రిమ్ము పెద్దగా కదలకుండానే టెన్షన్ సర్దుకుంటుంది. ఓపిక కావాలి, కానీ నా చక్రం కుదురుకుంది.

లోపం కూడా చెప్పాలి. మీటర్‌ని పుల్లకి తగిలించడానికి నొక్కిన పిడిని టక్కున వదిలితే ఒకలా, మెల్లగా వదిలితే ఒకలా చూపిస్తుంది. ప్రతిసారీ మెల్లగానే వదలండి, కేజీల అంకె కన్నా పుల్లకీ పుల్లకీ మధ్య తేడానే నమ్మండి.

ధర ఎక్కువే. ఆదివారం మాత్రమే తొక్కేవాళ్లకి అక్కర్లేదు, పుల్లల్ని గోటితో మీటి ఒక వైపువన్నీ ఒకే శ్రుతిలో పలుకుతున్నాయో లేదో వింటే సరిపోతుంది. నంది హిల్స్‌కి గుంపుగా వెళ్లేవాళ్లు మాత్రం నలుగురూ కలిసి ఒకటి కొనుక్కోండి.