పులుల లెక్కకు అమ్రాబాద్ వెళ్తే: బస, తిండి, నడక

పులిని చూడాలనే సరదా ఉంటే మన్ననూరులో సఫారీ బండెక్కి ఫర్హాబాద్ వ్యూపాయింట్ దాకా వెళ్లి రండి, హాయిగా ఉంటుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో గణనకు వాలంటీరుగా వెళ్లడం వేరే పని. మా ఆఫీసు వాళ్లం కొందరం శాస్త్రవేత్తలతో, బీట్ (అడవిలో గస్తీ తిరిగే చిన్న భాగం) సిబ్బందితో కలిసి నల్లమలలో నడిచాం. పులి మాత్రం కనపడలేదు.

శ్రీశైలం హైవే మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి బండ్లను వదలరు. మా ట్రిప్పు చూసుకున్న ఏజెన్సీ ఆ సంగతి పట్టించుకోకుండా బండిని సాయంత్రం పంపింది. దాంతో మొదటి రాత్రి మన్ననూరులోనే గడిచింది. కాటేజీలో మంచం, ఫ్యాను, వేడి భోజనం అన్నీ బాగానే ఉన్నాయి. పొద్దున లోపలి బేస్ క్యాంపుకు వెళ్లాక తేడా తెలిసింది: రేకుల షెడ్డు, సోలార్ లైటు, డ్రమ్ములో నీళ్లు, సిగ్నల్ సున్నా. తిండి మాత్రం కాటేజీ కంటే క్యాంపులోనే బాగుంది. కట్టెల పొయ్యి మీద వాచర్లు చేసిన జొన్నరొట్టె, పప్పు ముందు ఆఫీసు పంపిన స్నాక్స్ దండగ. పైగా ఆ ప్లాస్టిక్ ప్యాకెట్లన్నీ గేటు దగ్గరే దింపించారు.

పని ఎలా ఉంటుందంటే, మాంసాహార జంతువుల జాడ కోసం కనీసం 5 కిలోమీటర్ల బాట పట్టి కాలిముద్రలు, మలం, చెట్ల మీద గోళ్ల గీతలు వెతకాలి. దుప్పులు, కణుజుల లెక్కకు 2 కిలోమీటర్ల తిన్నని గీత మీద తెల్లవారగానే చప్పుడు లేకుండా నడవాలి. జంతువు కనపడితే ఎన్ని ఉన్నాయో, ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నాయో గణన వివరాలు నమోదు చేసే ఎం-స్ట్రైప్స్ యాప్‌లో ఎక్కించాలి. తిరుగుదారిలో ప్రతి 400 మీటర్లకు ఆగి చెట్లు, పొదలు, పెంటికలు రాసుకోవాలి. దేశంలో 3,682 పులులున్నాయని 2022 గణన తేల్చిందంటే, దాని అడుగున ఇలాంటి నడకలే ఉన్నాయి. జంతువేదీ కనపడని రోజు కూడా డేటానే అని శాస్త్రవేత్త చెప్పాక మావాళ్ల గొణుగుడు తగ్గింది.

సేవల్లో నా మార్కులన్నీ మాతో నడిచిన చెంచు ట్రాకర్‌కే. ఒక ముద్ర దగ్గర కూర్చుని, "తెల్లారకముందే పోయింది సార్, మీద మంచు పడ్డది చూడుండ్రి" అన్నాడు. మా రేంజ్‌ఫైండర్ దూరం చెప్పేలోపు ఆయన జంతువు ఆడదో మగదో చెప్పేవాడు.

ఎర్ర టీషర్టులు, కంపెనీ బ్యానరు, ఫొటోగ్రాఫరు మాత్రం శుద్ధ దండగ. ఒక లైనుకు ఇద్దరు వాలంటీర్లు చాలు. అంతకు మించితే దుప్పులు మనకంటే ముందే సర్దుకుంటాయి. మీ ఆఫీసు కూడా ఇలాంటిది పెడితే చిన్న జట్టు, మట్టిరంగు బట్టలు అడగండి. మందులు, టార్చి సెల్లులు అచ్చంపేటలోనే కొనుక్కోండి. మోకాళ్ల నొప్పులుంటే సఫారీయే మేలు.