చెన్నై డాబాకు పచ్చ గ్రో బ్యాగు: ఎండకు సరే, వానకు మాత్రం రంధ్రాలు చాలవు

చెన్నైలో డాబా మీద తోట మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు కొనేది మొక్కలు పెంచే ఈ పచ్చ సంచినే, అంటే గ్రో బ్యాగునే. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, చదరపు మీటరుకు 220 గ్రాములు తూగే (220 జీఎస్‌ఎం) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ నేత. ఐదో పదో కలిపి కట్టగా అమ్ముతారు. సిమెంటు కుండీ కంటే చవక, ఖాళీ అయితే మడిచి అటకెక్కించొచ్చు. కానీ ఈ ఊళ్లో ఏ కుండీ అయినా రెండు పరీక్షలు రాయాలి: 2016 డిసెంబరు 12న వచ్చిన వార్దా తుపాను లాంటి గాలి ఒకటి, 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను కుమ్మరించిన వాన లాంటిది ఇంకొకటి. గాలికి ఈ సంచి అత్తెసరు మార్కులతో గట్టెక్కుతుంది. వానకు, కొన్నది కొన్నట్టు వాడితే, తప్పుతుంది.

చాలా సంచులకు అడుగున నాలుగే రంధ్రాలుంటాయి, వాటికి ఇనప రింగులు. నింపిన సంచిని నేల మీద పెట్టగానే ఆ బరువుకు అడుగు గచ్చుకు అతుక్కుపోయి నాలుగూ మూసుకుంటాయి. ఎండాకాలంలో ఇది తెలియదు. అక్టోబరులో ముసురు పట్టాక కింది మూడు నాలుగు అంగుళాల మట్టి బురదై, గాలాడక వేళ్లు కుళ్లడం మొదలవుతుంది. ముందు పోయేది కరివేపాకు. మట్టి తడిగానే ఉన్నా ఆకులు పసుపు తిరిగి వడలినట్టు వేలాడతాయి. పాపం దాహమేస్తోందనుకుని ఇంట్లో ఎవరో ఒకరు ఇంకో మగ్గు నీళ్లు పోస్తారు, దాంతో దాని పని సరి.

దీనికి మందు మేకు. మూడంగుళాల మేకును పట్టకారుతో పట్టుకుని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, సంచి పక్కగోడకు, అడుగు నుంచి అంగుళం ఎత్తున చుట్టూ ఎనిమిది రంధ్రాలు పెట్టండి. కత్తెరతో కోస్తే నేత పోగులు ఊడి చిరుగు పాకుతుంది. కాల్చి పెడితే అంచు కరిగి గట్టిపడుతుంది. పొగ వాసన వస్తుంది కాబట్టి సంచులు పెరట్లోనో డాబా మీదో పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచండి. తర్వాత సంచి కింద నాలుగు ఇటుకలు, మధ్యలో సందు వదిలి. ఇటుకల వల్ల మే నెలలో గచ్చు సెగ కూడా వేళ్లకు నేరుగా తగలదు. కింద ప్లేటు మాత్రం వద్దు. వారం పైగా నిలిచిన నీళ్లలో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఎదిగిపోతుంది.

మట్టి సంగతి. పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే ఈ సంచిలో దాదాపు 36 లీటర్లు పడుతుంది: ఎర్రమట్టి 14, నానబెట్టి పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 12, వర్మీకంపోస్టు 10, ఇంకా 200 గ్రాముల వేపపిండి. కోకోపీట్‌ను రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి, దాన్లో ఉప్పు ఉంటుంది. తేలిక కదా అని కోకోపీట్ సగానికి పైన వేసేవాళ్లున్నారు. పెద్ద వాన పడితే అది తేలి, సంచి అంచు దాటి, డాబా మీద వాన నీటి గొట్టం మూతికి అడ్డం పడుతుంది. చెన్నై ఇళ్లలో ఆ గొట్టం ఇంకుడు గుంతలోకి వెళ్తుంది, పీచు దిగితే గుంతలోని కంకర పూడుకుపోతుంది. గొట్టానికి స్టీలు జాలీ పెట్టి, దాని మీద చేరిన పీచును వానల్లో రోజూ ఒకసారి చేత్తో తీసేయడమే.

తడిసిన సంచి 40 కిలోలు దాటుతుంది. పక్కన కుట్టిన చెవులు ఆ బరువుకు కావు, ఖాళీ సంచిని మోయడానికే. వాటితో లేపితే కుట్టు దగ్గర చిరుగుతుంది. జరపాలంటే కింద గోనెపట్టా వేసి ఇద్దరు లాగాలి. నడిచే డాబాను మామూలుగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల లెక్కన కడతారు. కాబట్టి చదరపు మీటరుకు మూడు సంచులు మించకుండా, బీముల మీదా గోడల వెంటా పెట్టడం మేలు. ఎలాగూ మధ్యలో బట్టలారేసే తీగలకు చోటు కావాలిగా.

గాలికి సంచి ఎగిరిపోదు, అంత బరువుంది. పడిపోయేది పైన ఎత్తుగా పెరిగిన మొక్క వల్ల. మునగ, అరటి ఇందులో వేయకండి, ఎవరు చెప్పినా సరే. తుపాను హెచ్చరిక రాగానే చేయాల్సిన మొదటి పని, మొక్కలకు నీడ కోసం పైన కట్టిన వల, అంటే షేడ్‌నెట్ దించి చుట్టేయడం. తెరచాపలా గాలి పట్టి, కట్టిన గొట్టాలతో సహా పక్కింటికి చేరేది అదే. ప్లాస్టిక్ జిప్ టైలు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, వాటిని నమ్మొద్దు. తర్వాత కరివేపాకును మూడడుగులకు కొట్టేసి, సంచులను పిట్టగోడ మూలలకు మూడేసి చొప్పున చేర్చి ఒకదానికొకటి ఆనించి, చుట్టూ నైలాన్ తాడు వేయండి. తుపాను దాటిపోతుంటే గాలి దిశ మారుతుంది. ఒక్క గోడ చాటు చాలదు, అందుకే మూల. వాన వెలిశాక ఆకులు పాలిపోతే కంగారొద్దు, నత్రజని కొట్టుకుపోయి ఉంటుంది. పైమట్టి రెండంగుళాలు ఆరాక సంచికి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు. తడి మట్టిలో యూరియా చల్లొద్దు.

మరి ఎండకు? నేత బాగానే ఆగుతుంది, ముందు పోయేది కుట్టుదారం. కొనేటప్పుడు అడుగు కుట్టు రెండు వరసలుందో లేదో చూడండి, లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూది రంధ్రాలు సాగిన చోటు కనిపిస్తుంది. దొరికితే బయట తెల్లగా ఉన్నది తీసుకోండి, తక్కువ వేడెక్కుతుంది. గుడ్డలాంటి జియోఫ్యాబ్రిక్ సంచుల్లో నీళ్లు నిలిచే సమస్య లేదు, కానీ మే నెల కత్తిరి ఎండల్లో వాటికి రెండుపూటలా నీళ్లు పోయాలి. అందరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అది సాగదు.

మల్లె, కరివేపాకు, వంగ, మిరపలకు ఈ 15 అంగుళాల సంచి సరిపోతుంది. గోంగూర, తోటకూర, పాలకూరలకు ఇది దండగ, అంత లోతు వాటికి అక్కర్లేదు. 24 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తున్నది తీసుకోండి, గాలికీ అదే నిలుస్తుంది. నలుగురున్న ఇంట్లో పచ్చడికి సరిపడా గోంగూర ఒకేసారి కోయాలంటే అలాంటివి రెండు ఉండాలి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు ఒడ్డు పేటల్లో ఉండేవాళ్లు ఇనప రింగులున్న సంచులు కొనకండి. ఉప్పుగాలికి తుప్పుపట్టి, రింగు చుట్టూ నేతే ముందు తెగుతుంది, గచ్చు మీద పడ్డ ఎర్ర మరక ఎంత రుద్దినా పోదు.