పొడుపు బాగుంది, విడుపే తప్పింది: పాత సైన్స్ ఫిక్షన్ ఎపిసోడ్లను ఊహించే కార్డుల ఆట

పాత సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహికలను మళ్లీ మళ్లీ చూసే అభిమానుల కోసం తయారైన ఒక కార్డుల ఆటను మేము నలుగురం కొన్ని వారాలుగా ఆడుతున్నాము. ఒక్కో కార్డు మీద ఒక ఎపిసోడ్‌ను సూచించే మూడు ఆధారాలు ఉంటాయి. మొదటిది అచ్చమైన పొడుపు కథ, రెండోది కాస్త ముడి వదులు చేసేది, మూడోది దాదాపుగా జవాబును చేతిలో పెట్టేది. మొదటి ఆధారానికే పేరు చెప్పినవారికి మూడు పాయింట్లు, తరువాతి వాటికి రెండు, ఒకటి. ట్విలైట్ జోన్, స్టార్ ట్రెక్ తొలి ధారావాహిక, అవుటర్ లిమిట్స్, డాక్టర్ హూ తొలినాళ్ల కథలు ఇందులో ఉన్నాయి. కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి కనుక ఇక్కడ ఉదహరించే ఆధారాలన్నీ నా తెలుగు సేతలే. కొన్ని కథల ముగింపులు కూడా బయటపడతాయి; సుమారు అరవై ఏళ్ల క్రితం ప్రసారమైన వాటి గుట్టు దాచమని ఎవరూ పట్టుబట్టరనే నమ్మకంతో రాస్తున్నాను.

ఈ ఆట బలమంతా మొదటి ఆధారాల్లోనే ఉంది. మాకు వచ్చిన తొలి కార్డు మీద "తీరిక దొరికింది, చూపు పగిలింది" అని ఉంది. చూపు పగలడమేమిటని మాలో ఒకరు ఆధారంలోనే భాషాదోషం పట్టారు. ఆ దోషమే తాళంచెవి. 1959లో ప్రసారమైన 'టైమ్ ఎనఫ్ ఎట్ లాస్ట్' అనే ట్విలైట్ జోన్ ఎపిసోడ్‌లో, చదువుకోవడానికి క్షణం తీరిక దొరకని ఒక బ్యాంకు ఉద్యోగి అణువిస్ఫోటనం జరిగినప్పుడు ఖజానా గదిలో ఉండడం వల్ల ఒంటరిగా బతికిపోతాడు, గ్రంథాలయం శిథిలాల్లో జీవితానికి సరిపడా పుస్తకాలను కుప్పలుగా పేర్చుకుంటాడు, సరిగ్గా అప్పుడే కళ్లద్దాలు జారిపడి పగిలిపోతాయి. కథ మొత్తం నాలుగు మాటల్లో ఇమిడింది, అయినా విప్పేవరకు ఒక్క మాటా కథను పట్టివ్వలేదు.

ఇంతకంటే నాకు నచ్చిన కార్డు మరొకటి ఉంది: "బంతులనుకుని పగలగొట్టారు, తల్లి లెక్క అడిగింది." మేము నలుగురమూ తప్పులే చెప్పాము. జవాబు 1967 నాటి స్టార్ ట్రెక్ ఎపిసోడ్ 'ది డెవిల్ ఇన్ ద డార్క్'. గనిలో పనివారిని చంపుతున్న రాతి ప్రాణి భూతమని అందరూ భయపడుతుండగా, వారు పనికిరానివిగా భావించి పగలగొడుతున్న సిలికాన్ గోళాలు దాని గుడ్లని చివరికి తేలుతుంది. ఆ ఎపిసోడ్‌ను ఎన్నోసార్లు చూసినవారికి కూడా ముందుగా గుర్తుకొచ్చేది చీకటి సొరంగాలు, ఆ ప్రాణి రూపం, దాని బాధను తన మనసులోకి తీసుకున్న నౌక అధికారి స్పాక్. పగిలిన గోళాలు కావు. ఆధారం రాసినవారు అందరి కళ్లూ పడే చోటును వదిలి, కథ మలుపు తిరిగిన చోట వేలు పెట్టారు. ధాన్యం కొట్టు తలుపు తీయగానే కెప్టెన్ మీద బొచ్చు ప్రాణులు కుప్పగా కూలే 'ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్'కు ఇచ్చిన "కొట్టు నిండుగా ఉంది, గింజ మాత్రం లేదు" కూడా ఇదే కోవకు చెందినది, కాకపోతే కొంచెం సులువు.

అన్నీ ఈ స్థాయిలో లేవు. స్టార్ ట్రెక్ కెప్టెన్ చేతికి దొరికిన వస్తువులతో ఫిరంగి తయారుచేసుకునే 'అరీనా'కు "వెదురు, గంధకం, బొగ్గు, వజ్రాలు" అని వరుసపెట్టి రాశారు. అది పొడుపు కాదు, సరుకుల జాబితా. ట్విలైట్ జోన్ ఎపిసోడ్ 'టు సర్వ్ మ్యాన్' విషయంలో ఇంకా నిరాశ కలిగింది. సర్వ్ అనే మాటకు సేవ చేయడం, వడ్డించడం అనే రెండర్థాలుండడమే 1962 నాటి ఆ కథకు ప్రాణం. గ్రహాంతరవాసులు తెచ్చిన గ్రంథం మానవసేవ గురించినదని అందరూ నమ్మగా, చివరికి అది వంటల పుస్తకమని తెలుస్తుంది. ఆ శ్లేష మీద ఆడుకునే అవకాశాన్ని వదులుకుని, మొదటి ఆధారంలోనే వంట ప్రస్తావన తెచ్చేశారు.

నిజమైన లోపాలు రెండున్నాయి. మొదటిది జవాబుల్లో తప్పు. "రెక్క మీద ఉన్నవాడికి టికెట్టు లేదు" అనే చక్కని ఆధారానికి విమానం కిటికీలోంచి వింత ప్రాణిని చూసి హడలిపోయే ప్రయాణికుడి కథ, అంటే 1963 నాటి 'నైట్‌మేర్ ఎట్ 20,000 ఫీట్' తప్ప మరో జవాబు లేదు. కార్డు వెనుక మాత్రం 1960 నాటి 'నిక్ ఆఫ్ టైమ్' అని అచ్చువేశారు. రెండింటిలోనూ విలియం షాట్నరే నటించడం వల్ల పొరపడి ఉంటారని నా ఊహ. నలుగురం అరగంట వాదించుకున్నాము, సరైన జవాబు చెప్పిన వ్యక్తికి ఆ రోజు పాయింట్లు దక్కలేదు.

రెండోది నియమాల్లో ఉన్న అస్పష్టత. 1963లో మొదలైన డాక్టర్ హూలో 1966 వరకు ప్రతి వారపు భాగానికీ విడి పేరు ఉండేది, కొన్ని వారాల భాగాలు కలిస్తే ఒక కథ అయ్యేది. తొలి కథ 'యాన్ అనర్త్‌లీ చైల్డ్'లో నాలుగు భాగాలున్నాయి. గుహలో పుర్రెలను సూచించే ఆధారానికి రెండో భాగం పేరు 'ది కేవ్ ఆఫ్ స్కల్స్' చెప్పాలా, కథ మొత్తానికి ఉన్న పేరు చెప్పాలా అన్నది నియమపత్రంలో ఎక్కడా లేదు. స్టార్ ట్రెక్‌లోనూ ఇదే చిక్కు. టీవీ సంస్థ ఎన్‌బీసీ తిరస్కరించిన తొలి పైలట్ (నమూనాగా తీసిన ఎపిసోడ్) 'ది కేజ్' దృశ్యాలనే 1966లో రెండు భాగాల 'ది మెనాజరీ'లో వాడుకున్నారు కనుక, టాలోస్ గ్రహవాసుల భ్రమల గురించిన ఆధారం రెండింటికీ సమానంగా సరిపోతుంది. కార్డు ఒకే పేరును ఒప్పుకుంటుంది. మేము రెండింటినీ ఒప్పుకుంటున్నాము.

ఇచ్చిన ఇసుక గడియారం ఒక్క నిమిషానిదే కావడం చిన్న ఇబ్బంది. మేము దాన్ని రెండుసార్లు తిప్పుతున్నాము. ఈ ధారావాహికలను పైపైన చూసినవారికి మొదటి ఆధారాలు గోడల్లా అడ్డుపడతాయి, కనుక కనీసం రెండింటిని శ్రద్ధగా చూసినవారే కొనుక్కోవడం మంచిది. కార్డులు పలుచగా ఉండడం వల్ల వెనుకనున్న జవాబు దీపం వెలుగులో తిరగబడిన అక్షరాలతో కనిపిస్తుంది. మొదట్లో వరుసగా మూడు పాయింట్లు కొట్టేస్తున్న మిత్రుడిని దీపానికి ఎదురుగా ఉన్న కుర్చీలోంచి లేపి వేరే చోట కూర్చోబెట్టిన తరువాత గానీ ఆ సంగతి బయటపడలేదు.