ఐఈపీ ఆపేస్తామంటే ఏది మేలు: స్టేట్ కంప్లైంటా, మీడియేషనా, డ్యూ ప్రాసెసా?

"మార్కులు బాగానే వస్తున్నాయి, మీ బాబుకి ఇక ఐఈపీ అక్కర్లేదు" అని స్కూలువాళ్లు అన్నారట. అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రుల దగ్గర్నుంచి ఈమధ్య ఈ మాట తరచూ వింటున్నాను. ఐఈపీ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి ఏ సాయం, ఏ థెరపీ ఇవ్వాలో స్కూల్లో రాసుకునే ప్రణాళిక. ముందు ఒకటి తెలుసుకోండి. క్లాసు పాసవుతున్నంత మాత్రాన పిల్లవాడికి హక్కు పోదు. ఆపే ముందు స్కూలు మళ్లీ మూల్యాంకనం చేయాలి, కారణాలతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.

ఇక స్కూలు నిర్ణయాన్ని ఎదిరించాలంటే ఏ దారి? నేను మొదట చూసేది ఒక్కటే: గొడవ తేలేదాకా థెరపీ సాగుతుందా, ఆగుతుందా?

స్టేట్ కంప్లైంట్, అంటే రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు, సులువు. లాయరు అక్కర్లేదు, మామూలుగా 60 రోజుల్లో నిర్ణయం వస్తుంది. మూల్యాంకనం చేయకుండానే ఆపేసిన సందర్భాల్లో బాగా పనిచేస్తుంది. కానీ ఆ 60 రోజులూ పిల్లవాడు ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు. దీనికి 'స్టే పుట్' రక్షణ, అంటే గొడవ తేలేదాకా పాత ఐఈపీయే నడవాలన్న నియమం, లేదు.

డ్యూ ప్రాసెస్ (తటస్థ అధికారి ముందు విచారణ కోరుతూ వేసే కేసు) అనగానే మనవాళ్లు జంకుతారు: కోర్టులాంటి వ్యవహారం, లాయరు ఫీజు, టీచర్లతో వైరం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా నా ఓటు దీనికే. మార్పు అమల్లోకి రాకముందే వేస్తే, కేసు తేలేదాకా పాత ఐఈపీయే నడవాలి. వారానికి రెండుసార్లు అరగంట స్పీచ్ థెరపీ అని అందులో ఉంటే అది ఆగకూడదు. వేసినవన్నీ హియరింగ్‌దాకా వెళ్లవు కూడా. 15 రోజుల్లోపు స్కూలు రిజల్యూషన్ మీటింగ్ పెట్టాలి, అక్కడే రాజీ కుదరొచ్చు. ఇబ్బందల్లా రుజువు భారం, అంటే ఎవరు నిరూపించాలన్నది. 2005లో సుప్రీంకోర్టు దాన్ని కేసు వేసినవాళ్ల మీదే పెట్టింది. న్యూజెర్సీ చట్టం మాత్రం ఆ భారాన్ని స్కూలు డిస్ట్రిక్ట్ మీదే ఉంచింది.

వాళ్ల మూల్యాంకనం తప్పనిపిస్తే, డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణుడి మూల్యాంకనం కావాలని రాసి అడగండి. వాళ్లు దానికి డబ్బైనా పెట్టాలి, తమది సరైనదేనని నిరూపించడానికి తామే డ్యూ ప్రాసెస్ అయినా వేయాలి. చాలామంది ఈ హక్కును వాడుకోకుండానే సంతకం పెట్టేస్తున్నారు, అదే నా బాధ.

మీడియేషన్‌కి ఖర్చు లేదు, మధ్యవర్తి సాయంతో రాజీకి ప్రయత్నించడమే ఇది, కానీ ఇద్దరూ ఒప్పుకోవాలి. స్టే పుట్ అన్నిచోట్లా రాదు. ఐఈపీ బదులు 504 ప్లాన్ (వైకల్యమున్న పిల్లలకు స్కూల్లో సౌకర్యాలిచ్చే వేరే ప్రణాళిక) ఇస్తామంటే పరీక్షలో అదనపు సమయంలాంటివి దొరుకుతాయి. స్పీచ్ అవసరమున్న పిల్లవాడికి ఐఈపీ బదులు దాన్ని నేనైతే ఒప్పుకోను.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు గడువు 15 రోజులే. ఆలోపు డ్యూ ప్రాసెస్ గానీ మీడియేషన్ గానీ అడగకపోతే స్కూలు నిర్ణయం అమలైపోతుంది. నోటీసు అందిన రోజే కవరు మీద తేదీ వేసి దాచండి.