పొలం కంచెకు ఇనుప కడీలు, ముళ్ల తీగ: రెండు వానాకాలాల తర్వాత

పొలం చుట్టూ కంచె వేయడానికి జింకు పూత ఉన్న యాంగిల్ కడీలనూ, 12 గేజి ముళ్ల తీగనూ కొన్నాను. రెండు వానాకాలాలు చూశాక తీగ గురించి నిస్సంకోచంగా మంచి మాట చెప్పగలను. కడీలు బలమైనవే అయినా, వాటిలో ఉన్న ఒక లోపాన్ని కొనేవారు ముందే గమనించాలి.

ఆ లోపం చిల్లుల దగ్గర ఉంది. తీగ కట్టుకునే చిల్లులను పూత పూసిన తర్వాత వేయడం వల్ల ప్రతి చిల్లు అంచునా పచ్చి ఇనుము బయటపడింది. మొదటి వానలకే ఆ అంచులు ఎర్రబడి, అక్కడి నుంచి కడీ పొడవునా సన్నని తుప్పు చారలు దిగాయి. జింకు తాను ముందు క్షీణిస్తూ పక్కనున్న ఇనుమును కాపాడుతుంది కాబట్టి చిన్న గీతలు పడితే భయం లేదు గానీ, చిల్లు లోపలి అంచుకూ రంపంతో కోసిన కొసకూ ఆ రక్షణ పూర్తిగా అందదు. ఉప్పు కాగితంతో తుప్పు గీకి, జింకు పాలు ఎక్కువగా ఉండే రంగు రెండు పూతలు వేశాక అది ఆగింది. చిల్లులు వేసి, కొలతకు కోసిన తర్వాతే కరిగిన జింకులో ముంచిన కడీలైతే ఈ శ్రమ ఉండదు. చిల్లు లోపల కూడా బూడిద రంగు పూత కనిపిస్తుందో లేదో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

12 గేజి తీగ మందం సుమారు 2.6 మిల్లీమీటర్లు, 14 గేజిది సుమారు 2. తేడా స్వల్పంగా అనిపించినా, అడ్డుకోత వైశాల్యం ఒకటిన్నర రెట్లకు మించి పెరుగుతుంది. పశువులు ఒరుసుకున్న చోట కూడా మా తీగ సాగలేదు.

బిగించే పనిని అప్పగించినవారి తీరు మాత్రం నాకు బాధ కలిగించింది. మధ్య కడీలు తీగను నిలబెడతాయే తప్ప, లాగుడంతా మోసేది మూల కడీలే. వారు మూలలకు ఊతాలు పెట్టకుండా, కాంక్రీటు పోసిన మర్నాడే తీగ బిగించారు. నెల తిరగకముందే ఒక మూల కడీ నాలుగు వేళ్ల మేర లోపలికి ఒరిగి, ఆ వైపు ఐదు వరుసలూ వదులైపోయాయి. దాన్ని తవ్వించి, 8 అడుగుల కడీలో రెండున్నర అడుగులు భూమిలోకి దింపి, తీగలు వెళ్లే రెండు దిక్కులకూ ఏటవాలు ఊతాలు వేయించాను. నీరు నిలవకుండా కాంక్రీటు పైభాగాన్ని వాలుగా తీర్పించి, వారం రోజులు తడిపిన తర్వాతే తీగ లాగించాను. అప్పటి నుంచి ఆ మూల కదలలేదు.

మిగిలిన ఒక వైపుకు ఇదే తీగను మళ్లీ కొంటున్నాను. కడీలు మాత్రం చిల్లులు వేశాక పూత పూసినవే తెప్పిస్తున్నాను.